కుళాయి కట్టేయలేని రోజులు

నా చేతుల మీద చర్మం మళ్లీ మామూలుగా వచ్చి ఏడాది దాటింది. ఇప్పుడు రాయొచ్చనిపించింది. మా వాళ్లలో ఈ జబ్బుకు పేరు లేదు. ఎవరికైనా ఉంటే "ఆవిడకు శుభ్రం ఎక్కువ" అంటారు, అదీ మెచ్చుకోలుగానే. నన్నూ రెండేళ్లు అలాగే మెచ్చుకున్నారు. అందువల్లే అది జబ్బని తెలియడానికి అంతకాలం పట్టింది. ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఈ క్షణాన కుళాయి కింద చేతులు పెట్టుకుని, కట్టేయలేక నిలబడి ఉంటే, వాళ్ల కోసమే ఇది.

మా అమ్మ అప్పలమ్మ మునిసిపాలిటీలో వీధులు ఊడ్చేది. నాన్న ఖిదిర్‌పూర్ డాకులో ఓడల మూటలు మోసేవాడు. ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి చిన్నతనంలోనే కలకత్తా వచ్చేశారు. ఖిదిర్‌పూర్‌లోనే మునిసిపాలిటీ క్వార్టర్లలో మాకు ఒక గది ఉండేది. వరసకంతటికీ రెండే కుళాయిలు. అమ్మ తెల్లవారకముందే చీపురు పట్టుకుని వెళ్లి పదకొండింటికి తిరిగొచ్చేది. నేనూ తమ్ముడూ ఎదురు పరిగెత్తితే దూరం నుంచే చెయ్యి అడ్డం పెట్టేది.

"ఉండండి, ముట్టుకోకండి. తానం సేసొస్తాను."

తడిక చాటున పని చీర విప్పి వేరే చీర చుట్టుకునేది. బూడిదతో మోచేతుల దాకా తోముకుని, ఎర్ర సబ్బు రాసుకుని, తల మీంచి రెండు బకెట్లు గుమ్మరించుకునేది. పని చీర ఎన్నడూ గది లోపలికి రాలేదు. దానికి బయటి గోడకు వేరే మేకు ఉండేది. స్నానం అయ్యాక మాత్రం ఆ పని సంగతే మర్చిపోయేది. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నం కలిపి పెట్టేది.

మాకున్న నియమాలు నాలుగైదే. కాళ్లు కడుక్కుని లోపలికి రావాలి. అన్నానికి ముందు చేతులు కడుక్కోవాలి. ఆదివారం గోళ్లు తీయించుకోవాలి, తలలో పేలు చూపించుకోవాలి. పొద్దున్నే బొగ్గుపొడితో పళ్లు తోముకోవాలి. మిగతావి అమ్మ పట్టించుకునేది కాదు. కింద పడిన జామకాయ గౌనుకు తుడుచుకుని తినేవాళ్లం. వానాకాలం వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిస్తే అందులోనే నడిచి బడికి పోయేవాళ్లం. ఆ రోజులే బాగుండేవని రాయడం నాకిష్టం లేదు. మా వరసలోనే ఇద్దరు పిల్లలు విరేచనాలు పట్టుకుని పోయారు. వాళ్లలో ఒకత్తె నాతో గచ్చకాయలు ఆడేది. కానీ అమ్మ శుభ్రతకు ఒక చివర ఉండేది. కడుక్కుంటే అయిపోయేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆరో తరగతిలో క్వార్టర్ల బడి వదిలి దూరంగా ఉన్న హిందీ బడికి వెళ్లాను. ఒకరోజు పక్కపిల్ల నా సీసాలో నీళ్లు తాగబోతే వెనక బెంచీ పిల్ల ఆపింది. "తాగకు, వాళ్లమ్మ ఝాడూదార్ని, వీధులూడ్చేది" అంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. జబ్బు అక్కడే మొదలైందని తర్వాత నాకు వైద్యం చేసిన డాక్టరమ్మ అనదు. నేనూ అనను. జరిగింది కాబట్టి రాస్తున్నాను.

నాకు పెళ్లయింది మేనత్త కొడుకు సింహాద్రితో. వాళ్లది కలకత్తా పక్కనే ఉన్న బడ్జ్ బడ్జ్. మామయ్య అక్కడి జూట్ మిల్లులో చేసేవాడు. బావ కరెంటు పని నేర్చుకుని, కొత్తగా లేచిన ఒక ఆఫీసు భవనంలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. నేను ఒక చిన్న బడిలో పిల్లలకు అక్షరాలు నేర్పేదాన్ని. 2004లో న్యూ టౌన్‌లో ఏడో అంతస్తు ఫ్లాటుకు మారాం. మా ఒక్క ఇంటిదే అయిన కుళాయి నా జీవితంలో అదే మొదటిది. మొదటి రోజు ఊరికే తిప్పి చూసుకున్నాను.

2006 వానాకాలంలో మా పాప లల్లికి కామెర్లు వచ్చాయి. దానికప్పుడు ఐదేళ్లు. కళ్లు పచ్చబడి, మనిషి వేలాడిపోయింది. ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాం. అందులో రెండు రోజులు డాక్టర్లు మాతో సరిగా మాట్లాడలేదు. వాళ్లు మాట్లాడకపోతే ఎంత భయం వేస్తుందో అక్కడ కూర్చున్నవాళ్లకే తెలుసు. అమ్మ రోజూ ఖిదిర్‌పూర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. లోపలికి ఒక్కరినే పంపేవాళ్లు కాబట్టి వరండాలో స్తంభానికి ఆనుకుని సాయంత్రం దాకా కూర్చునేది.

నాలుగో రోజు డాక్టరు, "నీళ్ల వల్ల వచ్చి ఉంటుంది" అన్నాడు. అంతే అన్నాడు. నేను వరండాలోకి వచ్చి అమ్మ ముందు నిలబడ్డాను. అంతకు కొన్ని వారాల ముందు లల్లి రెండు రోజులు అమ్మ దగ్గర ఉండి వచ్చింది.

"నీ ఇంట్లో నీళ్లేనమ్మా" అన్నాను.

"కాసిన నీల్లే ఇచ్చినానమ్మా లల్లి గుంటకి" అంది అమ్మ.

లల్లి బతికింది. ఇంటికి తెచ్చుకున్న వారానికి మా భవనంలోనే ఇంకో ముగ్గురు పిల్లలకు కామెర్లు వచ్చాయి. పైకెళ్లి చూస్తే నీళ్ల ట్యాంకు మూత పగిలి పక్కన పడి ఉంది. లోపల చచ్చిన పావురం. ట్యాంకు కడిగించారు, మూత మార్చారు. నేను అదంతా విన్నాను, నమ్మాను. అయినా నా భయం ట్యాంకు వైపు పోలేదు. అమ్మ చేతుల మీదే నిలిచిపోయింది. ఎందుకో చాలాకాలం నాకే తెలియలేదు.

మొదట్లో నేను చేసినవన్నీ ఎవరైనా చేసేవే. నీళ్లు మరగబెట్టాను, కూరగాయలు ఉప్పునీళ్లలో నానబెట్టాను, నేల ఫినాయిల్‌తో తుడిచాను. తర్వాత తలుపు గడియ తుడవడం మొదలుపెట్టాను. తర్వాత పాల ప్యాకెట్టు, పేపరు. బడిలో పిల్లల నోటు పుస్తకాలు రుమాలుతో పట్టుకునేదాన్ని. బావ పని నుంచి వస్తే గుమ్మం బయటే చొక్కా విప్పించి, నేరుగా స్నానాల గదికి పంపేదాన్ని. అమ్మ పద్ధతే పాటిస్తున్నాననుకున్నాను.

ఆ తర్వాత లెక్క వచ్చింది. చేతులు నాలుగుసార్లు కడగాలి. మధ్యలో లల్లి పిలిచినా, చెడ్డ ఆలోచన ఒకటి వచ్చినా మళ్లీ మొదటి నుంచి కడగాలి. ఒక్కోసారి ముప్పావు గంట అలాగే నిలబడేదాన్ని. చేతులు శుభ్రంగానే ఉన్నాయని కంటికి కనిపిస్తూనే ఉండేది. కనిపించింది మాత్రం లోపలికి చేరేది కాదు. కుళాయి కట్టేయాలంటే దాన్ని ముట్టుకోవాలి, ముట్టుకుంటే మళ్లీ కడగాలి. చివరికి బావ వచ్చి కట్టేసేవాడు. వేళ్ల సందులు పగిలి నెత్తురు వచ్చేది. చింతపండు పిసికితే కళ్లలో నీళ్లు తిరిగేవి.

2007 చలికాలంలో ఒక సాయంత్రం బావ మెట్ల మీద ఎవరి మీదో చెయ్యి వేసి మాట్లాడుతుండగా చూశాను. బయటే నీళ్లు పెట్టి అక్కడే కడుక్కోమన్నాను. ఆయన తువ్వాలు కట్టుకుని, తడి ఒంటితో మెట్ల మీద కూర్చుండిపోయాడు. పక్కింటివాళ్లు తలుపు తీసి చూసి వేసుకున్నారు.

"నాను ఇంటికొస్తన్నానా, ఆసుపత్రికొస్తన్నానా గౌరీ?" అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు. ఆ నెల నుంచి శనివారాలు బడ్జ్ బడ్జ్ వెళ్లి వాళ్లమ్మ దగ్గర పడుకునేవాడు. మా హెడ్‌మిస్ట్రెస్ కూడా నా చేతులు చూసి, కొన్నాళ్లు సెలవు పెట్టుకోమంది. పెట్టాను. ఇంట్లో ఉండటం వల్ల జబ్బుకు ఇంకా తీరిక దొరికింది.

అమ్మ అప్పటికే రిటైరై, నాన్న పోయాక ఖిదిర్‌పూర్‌లోనే అద్దె గదిలో ఒక్కతే ఉంటోంది; తమ్ముడు పని మీద వేరే ఊరు వెళ్లిపోయాడు. చీపురు వదిలి మూడేళ్లయింది. అయినా ఆమె వస్తే తలుపు పక్కన వేరే కుర్చీ ఉండేది. రావద్దని నేను నోటితో ఎప్పుడూ అనలేదు. ఆమె కూర్చున్నంతసేపూ ఏమేం ముట్టుకుంటోందో చూస్తుండేదాన్ని. అమ్మకు అది తెలుసు. చేతులు ఒళ్లో పెట్టుకుని, మంచినీళ్లు కూడా అడక్కుండా కూర్చునేది.

2008లో దుర్గాపూజలకు వారం ముందు అమ్మ లల్లికి ఎర్ర గౌను కొని తెచ్చింది. లల్లికి అప్పుడు ఏడేళ్లు. అమ్మమ్మ గౌను విప్పి చూపిస్తూ దగ్గరకు రాబోతే లల్లి రెండడుగులు వెనక్కి వేసింది.

"అక్కడే పెట్టు అమ్మమ్మా. నీ చేతులకి పురుగులుంటాయి" అంది. పొగరుగా అనలేదు. నేను చెప్పే మాటల్లాగే, జాగ్రత్త చెబుతున్నట్టు అంది.

అమ్మ లల్లిని చూడలేదు, నన్ను చూసింది. "అలాగేనమ్మా, ఇక్కడే ఎడతాను" అని గౌను కుర్చీలో పెట్టి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. ఆ చేతులతోనే నన్ను పెంచింది. "బస్సు ఎల్లిపోద్ది" అని వెళ్లిపోయింది. నేను వెనక పరిగెత్తలేదు. పరిగెత్తానని రాసుకోవాలని ఉంది, కానీ అలా జరగలేదు. గౌను రెండు వేళ్లతో పట్టుకెళ్లి, వేడినీళ్లలో పురుగులు చచ్చే మందు పోసి నానబెట్టాను. కాసేపటికి రంగు వదిలి బకెట్టంతా ఎర్రగా అయింది. గౌను మచ్చలు మచ్చలుగా తేలింది.

బకెట్టు పక్కన అలాగే కూర్చున్నాను. ఆరో తరగతిలో వెనక బెంచీ పిల్ల అన్నదీ, నా కూతురు అన్నదీ ఒకటే మాట. మధ్యలో దాన్ని మోసుకొచ్చింది నేను. బావ వచ్చేదాకా అక్కడి నుంచి లేవలేదు.

"బావా, నాకేదో అయింది" అన్నాను.

"అవును. ఎల్దాం పద" అన్నాడు. ఎన్నాళ్ల నుంచో ఆ మాట కోసమే కాచుకున్నవాడిలా అన్నాడు.

పెద్దాసుపత్రి మానసిక విభాగంలో వారానికి రెండు రోజులు చూస్తారు. మేం వెళ్లిన రోజు దారిలో ఊరేగింపు ఉండి బస్సు గంటన్నర ఆగింది. నేను కడ్డీ పట్టుకోకుండా బావ భుజానికి ఆనుకుని నిలబడ్డాను. ఆసుపత్రి వరండాలో పొడుగు బెంచీలున్నాయి. వాటి మీద కూర్చోవడం నావల్ల కాలేదు. చీటీ తీసుకుని గోడకు తగలకుండా నిలబడ్డాను. అందరూ నన్నే చూస్తున్నారనిపించింది.

బెంచీ చివర ఒక ముసలావిడ కొడుకుతో కూర్చుని ఉంది. ఆ అబ్బాయికి ముప్పై ఏళ్లుంటాయి, తలెత్తేవాడు కాదు. ఆవిడ నన్ను చూసి బెంగాలీలో, "కూర్చో తల్లీ" అని జరిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ ఎందుకని అడగలేదు. కాసేపటికి లేచి వచ్చి నా పక్కన నిలబడింది.

"కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. నేనూ నిలబడతా" అంది.

దాదాపు గంటసేపు నాతో పాటు నిలబడింది. వాళ్ల వీధిలో చేపలు అమ్మేవాడి గురించి, కొడుకు చిన్నప్పుడు వేసిన బొమ్మల గురించి చెప్పింది. ఆవిడ కాళ్లు వాచి ఉన్నాయని మధ్యలో చూశాను. వాళ్ల పేరు పిలిచాక కొడుకు చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్లింది. మళ్లీ ఎప్పుడూ కనిపించలేదు.

డాక్టరమ్మ నా చేతులు చూసింది గానీ ముట్టుకోలేదు. అందుకు మనసులో దండం పెట్టుకున్నాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్నిసార్లు కడిగితే శుభ్రమైందనిపిస్తుంది?" అని. నాలుగు అని చెప్పబోయి ఆగాను. అది నిజం కాదు. ఎన్నిసార్లు కడిగినా అనిపించదు. ఆ మాట పైకి చెప్పగానే ఏడుపొచ్చింది. తర్వాత చిన్నప్పటి సంగతులు అడిగింది. అమ్మ గురించి, బూడిద గురించి, పని చీర మేకు గురించి చెప్పాను. వచ్చేసారి అమ్మను తీసుకురమ్మంది.

అమ్మ వచ్చింది. డాక్టరమ్మ ఎదుట కుర్చీ అంచున కూర్చుంది. "మీరు ముప్పై ఏళ్లు చెత్త ఎత్తారు కదా. స్నానం చేశాక శుభ్రమయ్యానని ఎలా తెలిసేది?" అని ఆవిడ అడిగింది.

అమ్మ తెల్లబోయింది. నా వైపు తిరిగి తెలుగులో, "ఇదేటి ఇలాగడుగుతంది? సబ్బు పోయింది, మట్టి పోయింది. ఇంకేటుంటాది? అవతల వొంట సేసుకోవాల గదా" అంది. నేను బెంగాలీలో చెప్పాను. డాక్టరమ్మ నవ్వి, "నీ మందు ఇంట్లోనే ఉంది. కానీ బిళ్లలు కూడా రాస్తాను" అంది.

బిళ్లలకు మొదటి రెండు నెలలు మత్తుగా ఉండేది. వాటితో పాటు కసరత్తులు ఇచ్చింది. తలుపు గడియ ముట్టుకుని, కడుక్కోకుండా కూర్చోవాలి. మొదటి రోజు గుండె దడదడలాడి, ఒళ్లంతా చెమట పట్టింది. లల్లి చచ్చిపోతుందనిపించింది. గడియకూ దానికీ సంబంధం ఏమిటని నన్నడగకండి. భయం పెరిగి పెరిగి, ఇక భరించలేననుకున్న చోట కాసేపు నిలిచి, దానంతటదే తగ్గడం మొదలైంది. తగ్గుతుందని నాకు అంతవరకూ తెలియదు, ఎందుకంటే ప్రతిసారీ ముందే కడిగేసుకునేదాన్ని. మీలో ఎవరికైనా ఈ జబ్బుంటే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. తగ్గుతుంది. కానీ అప్పటిదాకా కూర్చోవాలి. ఒంటరిగా కూర్చోవద్దు. బావ గడియారం చేతిలో పట్టుకుని నా పక్కన కూర్చునేవాడు. శనివారాలు బడ్జ్ బడ్జ్ వెళ్లడం మానేశాడు.

2009 ఎండాకాలంలో పెద్ద కసరత్తు ఇచ్చింది. ఖిదిర్‌పూర్‌లో అమ్మ గదికి వెళ్లి నీళ్లు తాగాలి. వెళ్లేసరికి నేల ఇంకా తడిగా ఉంది, గదంతా ఫినాయిల్ వాసన. బల్ల మీద మూతపెట్టిన కొత్త స్టీలు గ్లాసు. దాని మీద కొట్టువాడు అంటించిన కాగితం ఇంకా ఊడలేదు.

"నీకోసరమే కొన్నాను. ఎవులూ ముట్టుకోనేదు. నానూ గుడ్డెట్టే పట్టుకున్నాను" అంది అమ్మ.

ఊడ్చే పనికి వెళ్లినప్పుడు కొన్ని గుమ్మాల దగ్గర అమ్మకు వేరే గ్లాసులో నీళ్లిచ్చేవాళ్లు. ఇప్పుడు తన ఇంట్లో తనే నా కోసం వేరే గ్లాసు పెట్టింది. అమ్మ తాగే సొట్ట గ్లాసు కుండ మీద బోర్లించి ఉంది. దాన్ని తీసుకుని, కుండలో నీళ్లు ముంచుకుని తాగాను. గబగబా ఎత్తేసరికి సగం చీర మీద పడ్డాయి. అమ్మ "వొద్దమ్మా, వొద్దమ్మా" అంటూనే ఉంది. తాగాక కింద కూర్చుండిపోయాను.

"అమ్మా, ఆ రోజు ఆసుపత్రిలో నీ నీళ్లే అన్నాను. అవి కావు. మా ట్యాంకులో..."

"తెలుసు. అల్లుడు అప్పుడే సెప్పినాడు."

"మూడేళ్ల నుంచి తెలుసా? మరి నన్నెందుకు అడగలేదు?"

"గుంట సచ్చి బతికింది. ఎవుల్నో ఒకల్ని అనాల గదా నువ్వు" అంది అమ్మ. నా చీర తడి చూసి తువ్వాలు తేవడానికి లేచింది.

అంతటితో నయమైపోలేదు. ఆ ఏడే కొత్త జ్వరం వచ్చిందని ఊరంతా చేతులు కడుక్కోమని కాగితాలు అంటించారు. టీవీలో అదే, లల్లి బడిలో అదే. నేను రెండు నెలల్లో మళ్లీ వెనక్కి జారాను, వేళ్లు మళ్లీ పగిలాయి. సిగ్గుతో డాక్టరమ్మ దగ్గరకు పోయాను. "చేతులు కడగడం తప్పని నేనెప్పుడూ చెప్పలేదు. కడుగు. ఆపడం కూడా నేర్చుకో. అది ఆ కాగితం మీద రాసి ఉండదు" అంది. మళ్లీ గడియ దగ్గర్నుంచి మొదలుపెట్టాం. ఈసారి తొందరగా తేలాను. లల్లి కూడా మెల్లగా మారింది. దాని సంగతి మాత్రం ఇంకా జాగ్రత్తగా చూసుకుంటున్నాను.

2010 చివర్లో అమ్మకు కంట్లో శుక్లం తీశారు. ఖిదిర్‌పూర్‌లో ఒంటరిగా వదలలేక మా ఇంటికి తెచ్చుకున్నాం. ఆసుపత్రిలో కంటి చుక్కల సీసా నా చేతికే ఇచ్చారు. రోజుకు ఆరుసార్లు వేయాలి. ప్రతిసారీ ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, లేకపోతే కన్ను పాడయ్యే ప్రమాదం ఉందని నర్సు గట్టిగా చెప్పింది. ఇన్నాళ్లూ నా భయం ఉత్తదని నేర్చుకున్నాను. ఈ భయం ఉత్తది కాదు. బావ నా ముఖం చూసి, "నానేస్తాను లే" అన్నాడు. నేనే వేస్తానన్నాను.

ఇంటికొచ్చాక అమ్మను కిటికీ దగ్గర పడుకోబెట్టి స్నానాల గదిలోకి వెళ్లాను. సబ్బు రాసుకుని, వేళ్ల సందులు రుద్దుకుని, నీళ్ల కింద పెట్టాను. సబ్బు పోయింది. ఇంకోసారి, ఆమె కన్ను కదా, ఇంకొక్కసారి అని లోపల మొదలైంది. నీళ్లు పడుతూనే ఉన్నాయి. అటు గదిలో అమ్మ మంచం మీద కదిలిన చప్పుడైంది. చెయ్యి చాపి కుళాయి కట్టేశాను.

వచ్చి మంచం మీద కూర్చుని, అమ్మ రెప్పను వేలితో మెల్లగా కిందికి లాగాను.

"సేతులు కడిగావా?" అంది అమ్మ, చిన్నప్పుడు అన్నం ముందు అడిగినట్టే.

"కడిగాను."

"ఎన్నిసార్లు?"

"ఒకసారే."

"సాల్లే. ఎయ్యి" అని కన్ను పెద్దది చేసింది.